విశ్వాసం అంటే

తెలుగు క్రైస్తవ సంఘాల్లో సేవ గురించి ప్రసంగం వస్తే, ఎక్కడో ఒకచోట 2,222 అనే అంకె వస్తుంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజులో బాప్తిస్మం తీసుకున్నవాళ్ల సంఖ్య అది. మా అమ్మ తరపువాళ్లు నెల్లూరు నుంచి మద్రాసు వచ్చినవాళ్లు. అందుకని మా అవ్వ నోట ఈ కథ చాలాసార్లు విన్నాను. ఆ అంకె దగ్గరికి రాగానే అందరూ "స్తోత్రం" అంటారు. నా ధ్యాస మాత్రం దానికి ముందు గడిచిన ఏళ్ల మీదికి పోతుంది.

శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ 1836లో విశాఖపట్నం వచ్చాడు. తర్వాత మన మద్రాసులోనే తెలుగువాళ్ల మధ్య కొన్నేళ్లు పనిచేసి, 1840లో నెల్లూరు వెళ్లాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు కొద్దిమందే. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పలుసార్లు చర్చ జరిగింది. పటంలో ఒంటరి చుక్కలా ఉందని 'లోన్ స్టార్' అనే పేరు కూడా పడింది. డే ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లిపోయాడు, 1871లో చనిపోయాడు. 1878ని ఆయన చూడనే లేదు.

మనం ఈ కథ ఎలా చెప్తాం? "ఓపిక పట్టారు, చూడండి, ఫలితం వచ్చింది" అంటాం. అంటే చివరికి అంకెతోనే కొలుస్తున్నాం కదా! 1878 రాకుండా ఉంటే డే పని వృథా అనేవాళ్లమా?

ఆ అంకె వెనక ఇంకో సంగతి ఉంది. 1876-78 కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేట్టు చేశాడు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని. అంకెలే కావాలంటే అంతకన్నా మంచి అదను ఏముంటుంది? ఇక ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే పల్లెపల్లె తిరిగి చెప్పారు. వాళ్లు నడిచిన దూరం ఏ లెక్కలోనూ లేదు.

ఇదంతా నాకెందుకంటే, మా చర్చిలో తెలుగు సండేస్కూల్ క్లాసు నేను చూస్తున్నాను. ఈ ఏడు పిల్లలు నలుగురు. తమిళ క్లాసు నిండా పిల్లలే. "నలుగురి కోసం ఒక గది ఎందుకమ్మా, అందులో కలిపేద్దాం" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన అన్నది కోపంతో కాదు, గదులు నిజంగానే చాలవు. కానీ ఆ నలుగురిలో ఒక పాపకి వాళ్ల అవ్వతో కలిసి ప్రార్థన చేయాలంటే తెలుగే కావాలి. ఆ అవ్వకి వేరే భాష రాదు.

ఇంట్లో ఈ మాట వస్తే అప్పా ఒక ప్రశ్న వేశారు: "అట్లయితే ఎవరైనా ఏమీ చేయకుండా, నేను నమ్మకంగానే ఉన్నా అనొచ్చుగా?" మంచి ప్రశ్నే. తలాంతుల ఉపమానంలో దీనికి జవాబు ఉందని నాకనిపిస్తుంది. ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ యజమాని మెచ్చుకోలు ఒక్కటే. తిట్లు తిన్నవాడు తక్కువ తెచ్చినందుకు కాదు, గుంట తవ్వి దాచినందుకు తిన్నాడు. కాబట్టి నమ్మకత్వానికీ లెక్క ఉంది. పాఠం చదువుకుని వెళ్లానా? రెండు వారాలు రాని బాబు ఇంటికి వెళ్లి అడిగానా? అర్థం కాని మాటని మళ్లీ చెప్పానా? ఇవి నా చేతిలో ఉన్నవి. ఎంతమంది వస్తారు, వాళ్లు పెద్దయి ఏమవుతారు అన్నది నా చేతిలో లేదు.

మన భాషలో విశ్వాసం అనే మాటకి రెండర్థాలు. దేవుణ్ణి నమ్మడం విశ్వాసమే, అన్నం పెట్టిన చేతిని విడవకపోవడమూ విశ్వాసమే. అప్పా వాళ్ల తమిళంలోనూ అంతే. చర్చిలో మొదటి అర్థమే ఎక్కువగా వింటాం. సేవకి రెండోది కూడా కావాలి.

గది పోతుందో ఉంటుందో వచ్చే నెల తేలుతుంది. పోతే వరండాలో చాప వేసుకుంటాం. రిపోర్టులో మాత్రం నలుగురు అనే రాస్తాను. ఎక్కువ చేసీ రాయను, సిగ్గుపడుతూనూ రాయను.