తకిట తకిట తక

మార్చి 11
టాంగో స్వరకర్త ఆస్టర్ పియాజొల్లా పుట్టినరోజు. 1921, అర్జెంటీనాలో మార్ దెల్ ప్లాతా. కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్ నుంచి సియాల్దా లోకల్లో నిలబడే ఆయన ‘లిబర్‌టాంగో’ విన్నాను. కింద బేస్ నడక లెక్కపెడితే తకిట తకిట తక. మొత్తం ఎనిమిదే గానీ, విరుపు మూడు, మూడు, రెండు. ఆయన సంగీతం చాలావరకు ఈ విరుపు మీదే ఊగుతుంది.

మార్చి 14
జూట్ మిల్లు లైన్లలో మన శ్రీకాకుళం వాళ్ల భజన. హార్మోనీ వాయించే తాతకు ఫోన్లో పియాజొల్లా తన తిత్తి వాద్యం బాండోనియన్ వాయించడం చూపించాను. “మన హార్మోనీకి సుట్టమే బావూ” అన్నాడు. నిజమే, రెండింట్లోనూ గాలికి అదిరే రీడ్లే. అయితే బాండోనియన్‌లో తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు అదే మీటకు ఇంకో స్వరం. పైగా కుడిచేతి వరస వేరు, ఎడమచేతి వరస వేరు. తాత తన తిత్తిని మెల్లగా లాగి, మళ్లీ అదిమి, “అటు ఓ మాట, ఇటు ఓ మాటా! ఏళ్లకెలా తెలుస్తాదిరా?” అన్నాడు.

మార్చి 15
పియాజొల్లా వేళ్లకు తెలిసేలా చేసింది తండ్రే. న్యూయార్క్‌లో క్షవరం పనిచేస్తూ, తాకట్టు దుకాణంలో పాత బాండోనియన్ కొని కొడుకు చేతిలో పెట్టాడు. కుర్రాణ్ణి తనతో పర్యటనకు పంపమని గొప్ప గాయకుడు కార్లోస్ గార్డెల్ అడిగితే చిన్నవాడని ఒప్పుకోలేదు. 1935 జూన్‌లో మెదెయిన్‌లో విమానం కూలి గార్డెల్ పోయాడు.
1959లో ఆ తండ్రి పోయిన కబురు పర్యటనలో ఉండగా తెలిసింది. ‘అదియోస్ నొనీనో’ అప్పటిదే. మధ్యలో వచ్చే ఆ నిదానమైన రాగం దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది.

మార్చి 29
1954, పారిస్. టాంగో వాద్యకారుణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడి, పియాజొల్లా గురువు నాదియా బులాంజేకు సింఫనీలే చూపించాడు. వాటిలో నువ్వెక్కడున్నావని ఆమె అడిగింది. చివరికి పియానో మీద తన టాంగో ఒకటి వాయిస్తే, అసలు పియాజొల్లా ఇక్కడున్నాడు, వీణ్ణి వదులుకోకు అంది. మరుసటేడే ఎలక్ట్రిక్ గిటార్‌తో ఎనిమిదిమంది బృందం కట్టాడు. టాంగోను చంపేశాడని సొంత దేశంవాళ్లే మండిపడ్డారు. అది అన్యాయం. కాళ్లకు మాత్రమే తెలిసిన పాటను చెవులకు కూడా ఇచ్చినవాడాయన.

ఏప్రిల్ 5
తాతకు ‘లిబర్‌టాంగో’ వినిపించాను. రెండోసారికే పక్కనున్న డోలక్ కుర్రాడు విరుపు పట్టేశాడు. తాత మాత్రం తల అడ్డంగా ఊపి, “ఇది ఉరుకుతాంది. నిదానంగా ఏడ్సినది ఏదైనా ఉందేటి?” అని అడిగాడు. వచ్చే శనివారం ‘అదియోస్ నొనీనో’.