రెండు గిటార్లు, ఒక డ్రమ్

"ఆ క్యారీ బ్రౌన్‌స్టీన్ వేళ్ళల్లో ఏం చూసి అంత మురిసిపోతావే?" అని నా స్నేహితురాలు అడిగినప్పుడల్లా మా మధ్య వాదన మొదలవుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన వాదన ఇది. కథల మీద, కవిత్వం మీద, ఉద్యమాల మీద ఎన్ని పేచీలొచ్చినా చివరికి ఎక్కడో ఒకచోట కలుసుకున్నాం. స్లీటర్-కినీ అనే రాక్ బ్యాండ్ దగ్గర మాత్రం రాజీ కుదరలేదు. ఈ మధ్య ఆ వాదన తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది. అందుకే ఇది రాయాలనిపించింది.

మేమిద్దరం సియాటిల్‌లో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఆ బ్యాండ్‌ని మొదట వినింది అక్కడే. సియాటిల్‌కి దక్షిణాన ఒలింపియా అనే చిన్న ఊరుంది. 1990ల మొదట్లో ఆ ఊళ్ళో అమ్మాయిలు 'రయట్ గర్ల్' పేరుతో పంక్ సంగీతంలోని మగ పెత్తనాన్ని నిలదీశారు. కచేరీల్లో వేదిక ముందు చోటు తమక్కావాలన్నారు. అత్యాచారం గురించి, శరీరం గురించి పాటలు కట్టారు. చేత్తో రాసి జిరాక్సు తీసిన చిన్న చిన్న పత్రికలు పంచుకున్నారు. ఆ వాతావరణంలో నుంచే 1994లో కొరిన్ టక్కర్, క్యారీ బ్రౌన్‌స్టీన్ కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టారు. పక్క ఊరి రోడ్డు పేరే దానికి పెట్టుకున్నారు. 1996లో జానెట్ వైస్ డ్రమ్స్ వాయించడానికి వచ్చింది. 1997లో 'డిగ్ మీ అవుట్' వచ్చింది. 2001లో విమర్శకుడు గ్రీల్ మార్కస్ 'టైమ్' పత్రికలో అమెరికాలో అత్యుత్తమ రాక్ బ్యాండ్ ఇదేనన్నాడు.

నా వాదన ఇదీ. రాక్ బ్యాండ్ అనగానే కింద బరువు మోయడానికి ఒక బేస్ గిటారు, పైన విన్యాసాలు చేయడానికి ఒక లీడ్ గిటారు ఉండాలనుకుంటాం. వీళ్ళకి బేస్ లేదు. రెండు గిటార్లనీ మామూలు శ్రుతికి మూడు స్వరస్థానాలు కిందికి దించి, ఆ బరువుని ఇద్దరూ పంచుకున్నారు. టక్కర్ ఎక్కువగా మంద్రంలో ఉంటుంది. బ్రౌన్‌స్టీన్ గిటారు దాని చుట్టూ అల్లుకుంటుంది, అడ్డం పడుతుంది, ఎదురు ప్రశ్న వేస్తుంది. ఒకరి వాక్యం మధ్యలో ఇంకొకరు అందుకునే ఆడవాళ్ళ మాటల్లా ఉంటుంది ఆ వాయిద్యం. మగ గిటారిస్టు కళ్ళు మూసుకుని తనలో తను లీనమై చేసే ఏకపాత్రాభినయం అందులో కనిపించదు. విడిగా తీసి చూస్తే ఆమె భాగం కొన్నిసార్లు అసంపూర్తిగా వినిపిస్తుంది. రెండోది లేకుండా అది నిలబడదు, నిలబడాలనీ అనుకోదు. అదే ఆమె గొప్పతనం అంటాను నేను.

నా స్నేహితురాలు చిన్నప్పట్నించీ వయొలిన్ నేర్చుకున్న మనిషి. "అసంపూర్తిగా ఉండటం కూడా గొప్పేనా? నీకు ఆమె రాజకీయాలు నచ్చాయి, అందుకని గిటారూ నచ్చింది" అని కొట్టిపారేసేది. మొదట్లో నాకు కోపం వచ్చేది. తర్వాత్తర్వాత ఆమె అసలు అభ్యంతరం వేరే చోట ఉందని అర్థమైంది. 2005లో వచ్చిన 'ద వుడ్స్' ఆల్బమ్‌లో పదకొండు నిమిషాల పాట ఒకటుంది. గిటార్లు ఒడ్డు తెంచుకుని పోతాయి అందులో. నేను దాని గురించి పరవశంగా చెబుతుంటే ఆమె అడ్డుపడి, "అవి అలా ఎగిరెళ్ళి కొట్టుకుపోకుండా పట్టుకున్నది ఎవరో విన్నావా?" అంది. వైస్ డ్రమ్స్! నేను వినలేదు. అంటే చెవిన పడింది గానీ లెక్కలోకి తీసుకోలేదు.

2006లో ఆగిన బ్యాండ్ 2015లో 'నో సిటీస్ టు లవ్'తో తిరిగొచ్చింది. 2019 జులైలో, సెయింట్ విన్సెంట్ పేరుతో పాడే యానీ క్లార్క్ రూపొందించిన కొత్త ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, వైస్ వెళ్ళిపోయింది. నేనిప్పుడు వట్టి డ్రమ్మర్ని మాత్రమేనా అని అడిగితే అవునన్నారని ఆ తర్వాత ఒక సంభాషణలో చెప్పింది. ఉండమనే అడిగామని బ్రౌన్‌స్టీన్ చెప్పింది. గదిలో ఏం జరిగిందో తీర్పు చెప్పడానికి నేనెవర్ని? కానీ నా వాదనకి మాత్రం దెబ్బ తగిలింది. ఇరవై ఏళ్ళుగా ఈ సంగీతంలో నాయకులు లేరు, అంతా సమానమే అని ఊదరగొట్టింది నేను. ఇద్దరి అల్లికని వర్ణించి వర్ణించి, దానికి సమానత్వమని పేరు పెట్టాను. ముగ్గురున్నారన్న సంగతి మర్చిపోయాను.

ఆ మాటే ఒక సాయంత్రం పైకి అన్నాను. నా స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన అక్క ఎందుకు మానేసిందో ఎప్పుడైనా అడిగామా?" అంది.

హైదరాబాదు తిరిగొచ్చాక మేము స్త్రీల ఆత్మకథనాల సంకలనం ఒకటి తెచ్చాం. వరంగల్లో పనిచేసే ఒక లెక్చరర్ మాతో కలిసింది. మాకంటే పెద్దది, అక్కా అనేవాళ్ళం. ఊళ్ళు తిరిగి సగం కథనాలు సేకరించింది ఆమె. మూడుసార్లు ప్రూఫులు దిద్దింది. డి.టి.పి. వాళ్ళతో, ప్రెస్సు వాళ్ళతో పోట్లాడింది. ముందుమాట మేమిద్దరం ఒక రాత్రి కూర్చుని రాసేశాం. మా ఇద్దరికీ ఒకరి వాక్యం ఒకరు పూర్తిచేసే అలవాటు కదా! పుస్తకం ముఖచిత్రం మీద సంపాదకులుగా మా రెండు పేర్లే ఉన్నాయి. ఆమె పేరు లోపల కృతజ్ఞతల్లో ఉంది, "ఎంతో సహకరించిన" అనే విశేషణంతో. రెండో సంకలనానికి పిలిస్తే ఆరోగ్యం బాగోలేదంది. నమ్మేశాం. నమ్మడం మాకు సౌకర్యంగా ఉంది.

2022 చివర్లో బ్రౌన్‌స్టీన్ తల్లి, సవతి తండ్రి ఇటలీలో కారు ప్రమాదంలో చనిపోయారు. అత్యవసరానికి ఫోన్ చెయ్యాల్సిన మనిషిగా ఆమె ఎప్పుడో టక్కర్ నంబరు రాసిపెట్టుకుంది. అందుకని అమెరికన్ ఎంబసీ ముందు టక్కర్‌కి ఫోన్ చేసింది. ఆ దుఃఖంలో బ్రౌన్‌స్టీన్ పట్టుకున్న ఆసరా గిటారే. 2024 జనవరిలో వచ్చిన 'లిటిల్ రోప్' మీద ఆ దుఃఖపు నీడ ఉంది. అందులో ఆమె గిటారు వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. యాభై ఏళ్ళ స్త్రీ తన మొదటి భాష దగ్గరికి తిరిగి వెళ్ళినట్టుంటుంది. ఆమె గొప్ప గిటారిస్టే అని ఇప్పటికీ వాదిస్తాను. కాకపోతే ఆ ఫోన్ నంబరు సంగతి ఇప్పుడు రెండు రకాలుగా వినిపిస్తోంది. అంత గాఢమైన ఇద్దరి స్నేహం పక్కన మూడో మనిషి ఎక్కడ కూర్చుంటుంది? స్త్రీల స్నేహాన్ని ఎంతో పొగిడాం మనం. దాని తలుపులు ఎటు మూసుకుంటాయో మాత్రం పెద్దగా రాయలేదు.

సంకలనం రెండో ముద్రణకి సిద్ధమవుతోంది. అక్కకి ఫోన్ చేశాను. సంపాదకుల్లో మీ పేరు కూడా వేస్తామన్నాను, క్షమించమన్నాను. ఆమె నెమ్మదిగా, "పేరుదేముందమ్మా. ఆ ముందుమాటలో నేను ఒప్పుకోని మాటలు చాలా ఉన్నాయి. వాటిని మార్చనిస్తారా?" అంది.

నేను వెంటనే సరేననలేకపోయాను. స్నేహితురాలితో మాట్లాడి చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక గానీ నేనన్నదేమిటో నాకు తట్టలేదు. మళ్ళీ ఇద్దరమే మాట్లాడుకుని ఆమెకి తెలియజేస్తామన్నమాట!

పేరు ఇవ్వడం తేలిక. వైస్ అడిగింది పేరు కాదని ఇప్పుడు అర్థమవుతోంది. వచ్చే ఆదివారం ముందుమాట కాగితాలు పట్టుకుని ఇద్దరం వరంగల్ వెళ్తున్నాం. పెన్ను ఆమె చేతికిచ్చి కూర్చోవాలి. మధ్యలో అందుకోకుండా ఉండగలమా అన్నదే నా భయం.