కుంపటి పక్కన కంప్యూటరు

ఆభరణాలన్నిటిలోకి చిన్నది ముక్కుపుడక. పనివాని చేతికి గట్టి పరీక్ష పెట్టేదీ అదే. వడ్డాణం మీద నూరు పూలు పరచినప్పుడు ఒక రేకు కాస్త వంకరపోయినా చూపరి కన్ను దానిని దాటిపోతుంది. గోరంత ముక్కుపుడకలో వెంట్రుకవాసి తేడా వస్తే రాయి గూటిలో కుదురుకోదు. కుదురుకున్నా వెలుగు సరిగా చిమ్మదు. వెంట్రుకవాసి అన్నమాట మన భాషలో అలంకారంగా చెల్లుతున్నది గాని, కంసాలి వృత్తిలో అది అక్షరాలా కొలత. మనిషి తలవెంట్రుక మందం సాధారణంగా మిల్లీమీటరులో పదోవంతుకు లోపే ఉంటుంది. నేడు నగల నమూనాలు చెక్కే యంత్రాలలో బిగించే అతి సన్నని ఉలి కొస కూడ ఇంచుమించు 0.1 మిల్లీమీటరు.

ఈ యంత్రం సాధారణంగా మైనాన్ని చెక్కుతుంది. బంగారం వంతు ఆ తరువాత వస్తుంది. మైనంతో ప్రతిమ చేసి, చుట్టూ మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహాన్ని పోసే విద్య ఈ ఉపఖండానికి కొత్తది కాదు. మొహెంజొదారోలో దొరికిన కంచు నర్తకి, చోళుల కాలపు నటరాజ విగ్రహాలు ఆ పద్ధతిలో పుట్టినవే. మారినదల్లా మైనాన్ని చెక్కే చేయి. ఇప్పుడు గట్టి మైనపు బిళ్ళను యంత్రంలో బిగిస్తే, నిమిషానికి వేలసార్లు తిరిగే ఉలి దానిని పొరలు పొరలుగా చెక్కుతుంది. అయితే ఆ ఉలి ఎటు కదలాలో, ఎంత లోతు దిగాలో దానికి ఎవరో చెప్పాలి. చెప్పేది కంప్యూటరులో గీసిన బొమ్మ. ఆ బొమ్మను ఏ సాఫ్ట్‌వేరులో గీయాలన్నది చూడడానికి చిన్న ప్రశ్న. ఒక కుటుంబం భుక్తి దానిమీద ఆధారపడినప్పుడు మాత్రం దాని బరువు తెలుస్తుంది.

మచిలీపట్నాన్ని ఆనుకొని ఉన్న చిలకలపూడి పేరు రోల్డుగోల్డు నగలు ఎరిగిన ఇళ్ళన్నిటికీ తెలుసు. ఆ ప్రాంతంలో ఒక తండ్రీ కొడుకులు ఉన్నారు. తండ్రి అరవై దాటిన పనివాడు. ఉక్కు దిమ్మె మీద నగిషీ చెక్కి నగల అచ్చులు తయారుచేయడం ఆయన కులవృత్తి. కొడుకు పాలిటెక్నిక్ చదివి, బ్యాంకు అప్పుతో బల్లమీద పట్టేంత చెక్కుడు యంత్రాన్ని తెచ్చుకున్నాడు. బంగారు దుకాణాలకు మైనపు నమూనాలు చేసి ఇవ్వాలని అతని సంకల్పం. యంత్రం కొనడమే పెద్ద నిర్ణయమని అతడు భావించాడు. అది ఇంటికి వచ్చిన వారానికే అసలు నిర్ణయం ఇంకా మిగిలి ఉన్నదని తెలిసివచ్చింది. అప్పు వాయిదాలు నెలనెలా రానే వస్తాయి. ఒక సాఫ్ట్‌వేరు నేర్చి అందులో చేయి తిరగడానికి నెలలు పడుతుంది. ఎంపిక తప్పితే డబ్బుతోపాటు ఆ నెలలు కూడ పోతాయి.

ఈ సాధనాలు స్థూలంగా మూడు తెగలు. మొదటిది రేఖల తెగ. అమెరికాలోని మెక్‌నీల్ సంస్థ 1998లో విడుదల చేసిన రైనో ఇందులో ప్రసిద్ధం. దీనిలో ప్రతి వంపూ ఒక గణితసూత్రంగా నిలుస్తుంది. 1960 ప్రాంతంలో ఫ్రాన్సు కార్ల కర్మాగారాలలో వాహనాల వంపులు గీయడానికి సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో, రెనోలో బెజియే రూపొందించిన గణితానికి ఇది వారసత్వం. ఎంత దగ్గరకు వెళ్ళి చూసినా గీత ముతకబారదు. ఉంగరం, రాతిగూడు, గూటి చుట్టూ రాయిని పట్టి ఉంచే ముళ్ళు, ఇలా కొలత తప్పరాని పనులన్నిటికీ ఇది అనువైనది. దీనిమీదే నిర్మించిన మేట్రిక్స్‌గోల్డ్ నగల పనికే ప్రత్యేకించినది. రాయి కొలత చెబితే గూటినీ ముళ్ళనూ తానే అమర్చిపెడుతుంది. ధర మాత్రం రైనోకు అనేక రెట్లు.

రెండవది ఉబ్బుచిత్రాల తెగ. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నగరపు డెల్కామ్ సంస్థ తయారుచేసిన ఆర్ట్‌క్యామ్ చాలాకాలం దీనికి ప్రతినిధిగా నిలిచింది. పరచిన బొమ్మలో ఒక్కొక్క చోటికి ఇంత ఎత్తు అని ఇది నిర్ణయిస్తుంది. కాసులపేరులోని కాసు, లాకెట్టు మీది లక్ష్మి దీనిలో త్వరగా పైకి లేస్తాయి. ఉలి నడవవలసిన బాటను కూడ ఇదే గీసి ఇస్తుంది. కాని ఒక్కొక్క చోటికి ఒకే ఎత్తు గనుక, మామిడిపిందె అడుగున వంపు తిరిగి లోపలికి పోయే భాగం దీనికి అందదు.

మూడవది బంకమట్టి తెగ. జీబ్రష్ వంటి సాధనంలో తెరమీది ముద్దను నొక్కి, లాగి, గీరి రూపం తెస్తారు. దేవతల ముఖాలకు, హంసలకు, పూలతీగలకు ఇది ఎంతో అనుకూలం. రాతిగూటి కొలతకు మాత్రం దీనిని నమ్ముకోవడం కష్టం. ఉచితంగా లభించే బ్లెండర్‌లోనూ ఈ పని సాగుతుంది. 2002లో దాని అభిమానులు చందాలు వేసుకొని లక్ష యూరోలు పోగుచేసి, దాని మూలరచనను అందరి సొత్తుగా చేశారు.

ప్రకటనలు చూసి ఇటువంటి వస్తువును ఎంచుకోవడం కుదరదు. ఆ యువకుడు రెండు నగలను పరీక్షకు పెట్టాడు. ఒకటి ఏడురాళ్ళ ముక్కుపుడక. రెండవది పన్నెండు మిల్లీమీటర్ల లక్ష్మి బిళ్ళ. రైనోను 90 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. బ్లెండర్‌కు అసలు వెలే లేదు. ముక్కుపుడక రైనోలో చక్కగా కుదిరింది. ఏడు గూళ్ళూ ఒకే లోతు, ఒకే వెడల్పు. అదే నగను బంకమట్టి పద్ధతిలో చేసినప్పుడు ఒక గూటికీ మరొక గూటికీ పొంతన లేదు. లక్ష్మి బిళ్ళ దగ్గర న్యాయం తారుమారైంది. రైనోలో రేఖలతో కట్టిన ముఖం పింగాణీ బొమ్మ వలె బిగుసుకుపోయింది. బ్లెండర్‌లో చెక్కిన బుగ్గలకు నునుపూ నిండుతనమూ వచ్చాయి.

అటుపై యంత్రం తన పాఠం చెప్పింది. గుండ్రని కొస గల ఉలి లోపలి మూలను తన వ్యాసార్థం కంటె పదునుగా చెక్కలేదు. తెరమీద కత్తివాదరగా కనిపించిన మూల మైనంలో మెత్తబడింది. సన్నని ముళ్ళు ఉలి తాకిడికి విరిగిపోయాయి. కనుక ముళ్ళను కొంత లావుగానే చెక్కి, పోత అయిన తరువాత ఆకురాయితో సన్నం చేయక తప్పదు. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది గనుక నమూనాను ఆ మేరకు పెద్దది చేయాలి. ఈ లెక్కలు చేసి చూపగల సాఫ్ట్‌వేరే పనికి వస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైన లెక్క తూకానిది. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.8 గ్రాములు తూగుతుంది. మైనం ఒక గ్రాముకు కాస్త లోపే. అంటే మైనంలో ఒక గ్రాము పెరిగితే బంగారంలో ఇంచుమించు 18 గ్రాములు పెరిగినట్టు. పాత రోజులలో మైనపు ప్రతిని తూచి ఈ అంచనా వేసేవారు. రైనో ఘనపరిమాణాన్ని లెక్కకట్టి, చెక్కకముందే బరువు చెప్పగలదు. బిళ్ళ వెనుకభాగాన్ని ఎంత తొలిస్తే తూకం తగ్గుతుందో, ఎంతకు మించితే రేకు నొక్కుకుపోతుందో ముందే తేల్చుకోవచ్చు. బంగారం ధర చూసి వెనుకాడే మధ్యతరగతి ఇల్లాలికి ఈ అంకె విలువ ఎవరూ వివరించనక్కరలేదు.

తండ్రి ఇదంతా మౌనంగా గమనించాడు. తెరమీద పళ్ళెమంత కనిపించే లక్ష్మిని చూపి కొడుకు మురిసిపోతూ ఉంటే, ఆయన అన్నది ఒక్కటే మాట: "గోరంత చేసి చూపించరా." చెక్కి చూపగా కనురెప్పలు లేవు, చీర అంచులో చుక్కలు లేవు. మెరుగు పెట్టిన తరువాత మిగిలిన కాస్త గీతా అరిగిపోయింది. మెరుగుబ్రష్షు ఎంత లోహాన్ని తింటుందో ఆయన వేళ్ళకు తెలుసు. కనుబొమలు లావు చేయమన్నాడు, గీతల లోతు పెంచమన్నాడు, చుక్కల సంఖ్య సగానికి తగ్గించమన్నాడు. తెరమీద మోటుగా కనిపించిన ఆ బొమ్మే బంగారంలో కళకళలాడింది. ఏ సాఫ్ట్‌వేరు ధరలోనూ ఈ జ్ఞానం కలిసి రాదు.

మరొక ప్రశ్న కూడ ఆయనే వేశాడు. "మీ తాత చెక్కిన అచ్చు ఇప్పటికీ కొడుతున్నాం. నీ బొమ్మ నీ కొడుక్కి తెరుచుకుంటుందా?" ఇది వట్టి ముసలితనపు బెంగ కాదు. డెల్కామ్‌ను 2014లో ఆటోడెస్క్ కొన్నది. 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆగిపోయింది. కార్వెకో అనే సంస్థ ఆ పనిని అందుకొని కొనసాగించడం వాడుకదారుల అదృష్టం. అందుకోకపోతే ఏళ్ళ తరబడి దాచుకున్న బొమ్మలు, పాత కంప్యూటరు ఊపిరి ఉన్నంతవరకే దక్కేవి.

ఈ ప్రశ్నతోనే ఎంపిక తేలింది. రైనో ఫైలును చదివే విధానాన్ని దాని కర్తలే ఉచితంగా బయటపెట్టారు. అందుచేత ఇతర సాధనాలు కూడ దానిని తెరవగలవు. ఒకసారి కొన్న ప్రతి కొన్నవారిదే. ఏటేటా చందా కట్టనక్కరలేదు. కొలతల పనికి రైనో, రూపాల పనికి బ్లెండర్ అని నిశ్చయమైంది. ప్రతి నగకూ రైనో ఫైలుతోపాటు, 1987 నుంచి వాడుకలో ఉన్న ఎస్‌టీఎల్ రూపంలో మరొక ప్రతి, ఉలి నడకను అక్షరాలలో అంకెలలో రాసిన జి-కోడు ప్రతి వేర్వేరుగా దాస్తున్నారు. జి-కోడు మామూలు రాత; దానిని ఏ కంప్యూటరైనా చూపగలదు.

ఇవిగాక ఖాయమైన ప్రతి నమూనానూ ఒకసారి ఇత్తడిలో పోసి, చీటీ కట్టి, తాతగారి అచ్చుల పెట్టెలో పెడుతున్నారు. ఇత్తడి ప్రతి ఒకటి ఉంటే దానినుంచి రబ్బరు మూస తీయవచ్చు, మూసలో మళ్ళీ మైనం పోయవచ్చు. అందుకు కరెంటు అయినా కావాలని లేదు. చేయి తిరిగిన మనిషి ఉంటే చాలు.