మూడు రోజుల ఎండ... ఏడాది మంట!

అమీర్‌పేటలో సారథీ స్టూడియో ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను. 1959లో 'మా యింటి మహాలక్ష్మి' తీసిన చోటు గదా ఇది! ఆ రోజుల్లో ఆర్టిస్టులు సెట్లో లైట్ల వేడికి ఉడికిపోయేవారట. మాకేమో అవుట్‌డోర్ ఎండ!

నేను గుంపులో కనిపించే జూనియర్ ఆర్టిస్టుని. ఒక మే నెలలో జాతర సీను కోసం మూడు రోజులు ఎండలో నిలబెట్టారు. నెత్తిన సూర్యుడు, ఎదురుగా రిఫ్లెక్టర్లు! రెండో రోజు సాయంత్రానికి ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి. గదికొచ్చి నేను చేసిన ఘనకార్యం ఏమిటో తెలుసా? నిమ్మచెక్క తీసుకుని పరపరా రుద్దేశాను! మర్నాడు మళ్ళీ ఎండలోకే. నిమ్మరసం అంటిన చర్మం మీద ఎండ పడితే ఇంకా కాలుతుందని నాకేం తెలుసు?

అంతలో ఒక చిన్న వేషం వచ్చింది. హీరోయిన్ స్నేహితురాలు, రెండు డైలాగులు, ఒక క్లోజప్! ఈ నల్లబడ్డ ముఖంతో ఎలాగా అని గుండె గుభేలుమంది. పంజాగుట్టలో ఓ మందుల షాపు కుర్రాడు "అక్కా, ఇది రాయి, వారంలో తెల్లగా అయిపోతావ్" అంటూ ఓ ట్యూబు చేతిలో పెట్టాడు. నిజంగానే అయ్యాను! క్లోజప్పూ దక్కింది. ఇంకేం, మూడు నెలలు వదలకుండా రాశాను.

మానేసిన రోజున మొదలైంది అసలు కథ. మంట, ఎరుపు, మొటిమలు, బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి గీతలు. మేకప్ తగిలితే భగ్గుమనేది. చేతికొచ్చిన రెండు వేషాలు వదులుకున్నాను.

చివరికి చర్మం డాక్టరుగారి దగ్గరికి వెళ్తే, ట్యూబు చూసి నిట్టూర్చారావిడ. "అమ్మాయీ, ఎండ చేసింది కొన్ని వారాల్లో దానంతటదే పోయేది. ఈ స్టెరాయిడ్ చేసింది పోవాలంటే ఏడాదైనా పట్టొచ్చు" అన్నారు. 2018లోనే 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చిందట. నేను చీటీ లేకుండానే కొన్నాను మరి!

ఆవిడ నేర్పిన పాఠం చాలా చిన్నది. ఎండలోంచి రాగానే చల్లటి నీళ్ళు, లేదా తడిగుడ్డ. ఐసుముక్క వద్దు, సున్నిపిండితో రుద్దడం వద్దు. చర్మం కాస్త తడిగా ఉండగానే వాసనలేని మాయిశ్చరైజరు రాయాలి. నీళ్ళు బాగా తాగాలి. బొబ్బలొస్తే చిదమకూడదు. జ్వరం, వాంతులు కూడా ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మళ్ళీ ఎండలోకి వెళ్ళేముందు ఎస్.పి.ఎఫ్. 30 సన్‌స్క్రీన్ రాసుకుని, రెండేసి గంటలకోసారి మళ్ళీ రాయాలి. మబ్బు పట్టినా సరే! అన్నిటికంటే చవకైన మందు గొడుగు.

ఇప్పుడు ఆలోచిస్తే, ఎండకంటే నన్ను ఎక్కువగా కాల్చింది 'నల్లబడితే వేషం పోతుంది' అన్న భయమే అనిపిస్తుంది. ఆ ట్యూబు మూత తీసింది ఆ భయమే గదండీ!

మొన్న ఓ షూటింగులో కొత్తమ్మాయి హ్యాండ్‌బ్యాగులో అలాంటి ట్యూబే కనిపించింది. పక్కన కూర్చోబెట్టుకుని, మేకప్ తుడిచి, నా బుగ్గ చూపించాను.