జున్ను పెట్టిన రాత్రి

కందికి మారుకా పురుగు గురించి ఈ వారం రాస్తానని చెప్పాను. రాయలేకపోయాను, ఏమనుకోవద్దు. ఈ వారమంతా ఒక కుక్కపిల్లతోనే సరిపోయింది. అదే రాస్తున్నా.

మాది నల్లమల అంచున పల్లె. మెట్టలో రెండెకరాలు కంది, బోరు కింద ఎకరం వేరుశనగ. కాయ ఊరే టయానికి అడవి పందులు దిగుతాయి. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, రేకు డబ్బాలు వేలాడదీశాం, మంగలి షాపు నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లాం. పందులకి అన్నీ అలవాటైపోయినయ్. మంచె మీద ఒంటరిగా పడుకునేవాడికి కింద ఒక కుక్క ఉంటే ఆ ధైర్యమే వేరు. అయితే మా ఆవిడ మూడేళ్ళుగా కుక్క మాట ఎత్తనిచ్చేది కాదు. దానికి కారణం ఉంది.

మూడేళ్ళ కింద మా పెద్దాడు ఒక కూనని సంచిలో పెట్టుకుని బండి మీద తెచ్చాడు. నెల కూడా నిండలేదు దానికి. తల్లి దగ్గర నుంచి అంత తొందరగా తీసుకురాకూడదని మాకు తెలీదు. పాపం అని గ్లాసుడు గేదె పాలు పోశాం, మిగిలిన పప్పుచారు అన్నం పెట్టాం. మూడో రోజుకి నీళ్ళ విరేచనాలు. నేనేం చేశానంటే, మెడికల్ షాపులో మనుషులకిచ్చే బిళ్ళ సగం చేసి మింగించా. తెల్లారి వాంతులు, రక్తం, ఇల్లంతా ఒక రకమైన కుళ్ళు వాసన. ఆ మర్నాడు పొద్దున్నే పోయింది. పాలు పడలేదని ఊళ్ళో వాళ్ళన్నారు, మేమూ అదే అనుకున్నాం. మా ఆవిడ పశువుల పాక వెనక గుంట తీయించి, "ఇంక ఈ ఇంట్లోకి కుక్కని తేవద్దయ్యా" అంది. అంతే.

ఈసారి కార్తీకం మొదట్లో రైస్ మిల్లు దగ్గర కుక్క ఈనింది చూసొచ్చి, ఆమెని రెండు వారాలు బతిమాలా. ఏడు వారాలు నిండాక తెచ్చా. గోధుమ రంగు, ఒక కాలికి తెల్ల మేజోడు తొడిగినట్టు ఉంటది. మా మనవడు టైగర్ అని పేరు పెట్టాడు. ఆ టైగర్ మా కోడిపుంజుని చూసి పాక కిందకి దూరింది, అది వేరే సంగతి.

తెచ్చేటప్పుడు మిల్లు కాపలా ఆయన భార్యని అడిగా, "ఏం పెడుతున్నావమ్మా దీనికి?" అని. నూకల జావ, అప్పుడప్పుడు ఉడకబెట్టిన గుడ్డు అంది. మూడు రోజులు అదే పెట్టాం, రోజుకి నాలుగు సార్లు, కొంచెం కొంచెం. బాగానే ఉంది.

నాలుగో రోజు నేను చేలో ఉన్నా. పక్కింటి గేదె ఈని, వాళ్ళు జున్ను పంపించారు. మంచి బెల్లం జున్ను. మావాడు తన వాటాలో సగం టైగర్‌కి పెట్టాడు. అది గిన్నె కూడా నాకేసి ఇంకా కావాలన్నట్టు చూస్తే, మా ఆవిడే పాలు కూడా పోసింది. రాత్రికి మొదలైంది. తెల్లారేలోపు ఐదు సార్లు.

రాత్రి రెండింటికి సెల్లు లైటు వేసుకుని వసారాలో దాని పక్కన కూర్చున్నా. పాత కూనే కళ్ళ ముందు మెదిలింది. మా ఆవిడ లోపలి నుంచి ఒక్క మాట మాట్లాడలా. తిట్టినా బాగుండేది. బిళ్ళ డబ్బా వైపు చెయ్యి పోయింది, ఆపుకున్నా.

పొద్దున ఆరింటికి పశువుల డాక్టరు గారికి ఫోన్ చేశా. ఆయన వరసగా అడిగారు. వాంతి ఉందా? లేదు. రక్తం? లేదు. నీళ్ళు తాగుతోందా? తాగుతోంది. పిలిస్తే తోక ఊపుతోందా? ఊపుతోంది. ఎలుక మందు, గుళికలు అందేలా ఉన్నాయా? లేవు, అటక మీద ఉన్నయ్. (రైతు ఇంట్లో ముందు అడగాల్సిన ప్రశ్న అదే నన్నడిగితే.) తర్వాత చిగుళ్ళు ముట్టుకు చూడమన్నారు, తడిగా ఉండాలి, జిగటగా ఎండిపోయి ఉండకూడదు. మెడ వెనక తోలు పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. రెండూ బాగానే ఉన్నయ్. "అయితే కంగారు పడొద్దు, కానీ ఇవాళే తీసుకురా" అన్నారు.

ఆసుపత్రిలో ఆయన చెప్పింది విన్నాక నా మతి పోయింది. గేదె పాలు చిక్కన కాబట్టి పడవని నేననుకుంటున్నా ఇన్నాళ్ళూ. కుక్క పాలు అంతకంటే చిక్కనంట! వాటిలో వెన్న, మాంసకృత్తులు ఎక్కువ, పాలచక్కెర మాత్రం తక్కువ. గేదె పాలలో ఆ చక్కెర ఎక్కువ. అది కూనకి అరగకపోతే పేగులోకి నీళ్ళు లాగుద్ది, పల్చగా పోతది. పైన బెల్లం ఒకటి. అదీ ఒక్కసారిగా మార్చి పెట్టాం. తిండి మార్చాలంటే వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలంట.

పాత కూన సంగతి కూడా చెప్పా. ఆయన కాసేపు ఆగి, "అది పాల వల్ల అయ్యుండదు, పార్వో అయ్యుంటది. టీకా వేయించావా?" అన్నారు. కుక్కపిల్లకి టీకా ఉంటదని అప్పుడు నాకు తెలీదు, పిచ్చికుక్క సూది తప్ప. చచ్చిపోయిన దాని గురించి ఇప్పుడు ఎవరూ ఖాయంగా చెప్పలేరు, కానీ ఆయన చెప్పిన లక్షణాలన్నీ దానిలో ఉన్నయ్. వాంతులు, రక్తం, ఆ వాసన. అవి కనబడితే గంట కూడా ఆలస్యం చేయకూడదన్నారు. సెలైన్ ఎక్కించాలి, ఇంటి వైద్యం పనికిరాదు. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటదంట, మామూలు సబ్బుకి చావదు, బ్లీచింగ్ కావాలి.

టైగర్‌ని కాటా మీద పెడితే కుదురుగా ఉంటేగా! నేను ఎత్తుకుని ఎక్కి, మళ్ళీ నేనొక్కడినే ఎక్కితే తేడా రెండు కేజీల చిల్లర. ఆ బరువుని బట్టి నులిపురుగుల మందు పట్టారు. కూనలకి తల్లి కడుపులోనే, తల్లి పాలలోనే పురుగులు వస్తాయంట. పుట్టిన రెండు వారాల నుంచే మొదలుపెట్టి రెండేసి వారాలకి పట్టాలంట. మాది ఇదే మొదటిసారి.

తిండి మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పు కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, ఎముక లేకుండా. గుప్పెడు చొప్పున ఐదారు సార్లు. ఓఆర్ఎస్ నీళ్ళు చెంచాతో. పస్తు పెట్టనా అని అడిగితే వద్దన్నారు. పెద్ద కుక్కని ఒక పూట పస్తు పెట్టొచ్చు గానీ ఇంత కూనకి ఒంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదకి వస్తదంట. పప్పుచారులో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటయ్ కాబట్టి అది ఎప్పటికీ పెట్టొద్దన్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. కార్తీక మాసం! మా ఇంట్లో నీచు ముట్టరు. "గేదెకి గడ్డి కొనలేక ఏడుస్తుంటే, కార్తీకంలో కుక్కకి కోడినా?" అంది మా ఆవిడ. నేనే పాక వెనక మూడు రాళ్ళు పెట్టి, పాత సత్తు గిన్నెలో ఉడికించా. పాత కూనని పెట్టిన చోటికి నాలుగడుగుల దూరం. మూడో పూటకి నేను పొలం నుంచి ఆలస్యంగా వచ్చా. చూస్తే పొయ్యి రాజుకుని ఉంది, ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని గరిటె తిప్పుతోంది. నేను చూడనట్టే చేలోకి తిరిగిపోయా.

రెండో రోజు పురుగులు పడ్డయ్, తెల్లగా సేమ్యాల్లాగా. మావాడు చూశాడు. ఆరోజు నుంచి సేమ్యా పాయసం వద్దంటున్నాడు. ఒకందుకు మంచిదే, కుక్కని ముట్టుకున్నాక చేతులు కడుక్కోరా అంటే ఇప్పుడు చెప్పకుండానే కడుగుతున్నాడు. ఆ పురుగులు పిల్లలకీ అంటుకుంటయ్.

మూడో రోజుకి విరేచనం గట్టిపడింది. ఐదో రోజు నా చెప్పు కొరికింది. నిన్న మొదటి పార్వో టీకా వేయించా. మూడు నాలుగు వారాలకి ఒకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయించాలి, మూడు నెలలకి పిచ్చికుక్క సూది. అప్పటిదాకా వీధి కుక్కల్లోకి వదలొద్దన్నారు. ఈ ఏడాది పందుల కాపలా నాదే.

రాత్రి కేలండర్ చూస్తే, గేదెని చూడి కట్టించిన తేదీ పక్కనే మా ఆవిడ రాతతో ఇంకో తేదీ ఉంది. "టైగర్ సూది."