నవ్వితే పడిపోయే అన్న

మధ్యాహ్నం రెండున్నర మీటింగంటే ఎలా ఉంటుందో మనందరికీ తెలిసిందే. కెమెరా ఆఫ్, మైకు మ్యూట్, కళ్ళు సగం మూత. రాత్రి పదకొండు దాకా అమెరికా వాళ్ళతో కాల్స్, ఆ తర్వాత ఒంటిగంట దాకా చేతిలో ఫోను... పగలు నిద్ర రాక ఇంకేమొస్తుంది? నా నిద్రమత్తుకి కారణం నాకు తెలుసు. శనివారం పొద్దెక్కేదాకా పడుకుంటే సగం తీరిపోతుంది కూడా. నేను చెప్పబోయేది ఆ నిద్ర గురించి కాదు. మా అన్న నిద్ర గురించి.

మాది నారాయణపేట. చీరల పేరు మీరు వినే ఉంటారు. అన్న అంటే మా పెద్దనాయిన కొడుకు, నాకంటే ఆరేళ్ళు పెద్ద. తొమ్మిదో తరగతిలో ఉండగా మొదలైంది. క్లాసులో నిద్రపోతున్నాడని సార్లు నిలబెడితే నిలబడే నిద్రపోయేవాడు. పది తప్పాడు, మగ్గం ఎక్కాడు. అక్కడా అంతే. నాడె చేతిలో ఉండగానే తల వాలిపోయేది. పది నిమిషాలకి లేస్తే మళ్ళీ మామూలే. ఈలోగా అంచు దగ్గర ఎక్కడో పేక తప్పేది. "తిన్నది అరుగుతలేదారా, మళ్ల పండినవ్?" అని పెద్దనాయిన అరుపులు. వాడకట్టంతా కలిసి పెట్టిన పేరు కుంభకర్ణుడు.

ఇంకోటుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ చెప్పాలి. అన్న గట్టిగా నవ్వితే మోకాళ్ళు సడలి కూలబడిపోయేవాడు. దవడ జారి మాట ముద్దగా వచ్చేది. స్పృహ మాత్రం పోయేది కాదు, మేం అనేవన్నీ వినపడేవి. అర నిమిషంలో లేచేవాడు. పిల్లలం కదా, మాకది భలే ఆట. పనిగట్టుకుని జోకులు చెప్పి మరీ పడగొట్టేవాళ్ళం. ఆ జోకులు అందరికంటే బాగా చెప్పేవాణ్ణి నేనే. కొన్నాళ్ళకి అన్న నవ్వడం మానేశాడు. పెళ్ళిళ్ళకి వస్తే ఓ మూల కూర్చునేవాడు. పెద్దవాడయ్యాడు కదా, నెమ్మదించాడు అనుకున్నాం. ఇంట్లోవాళ్ళు ఫిట్స్ అనుకున్నారు. కొన్నేళ్ళు ఫిట్స్ మాత్రలు కూడా మింగాడు. వాటితో మత్తు ఇంకా ఎక్కువైంది.

2023లో ఒక వార్త కంటపడింది. హైదరాబాదుకి చెందిన సువెన్ లైఫ్ సైన్సెస్ వాళ్ళు కనిపెట్టిన సమెలిసాంట్ అనే మందు, అమెరికా కెనడాల్లో జరిగిన రెండో దశ పరీక్షల్లో, నార్కోలెప్సీ ఉన్నవాళ్ళ పగటి నిద్రని తగ్గించిందట. మన హైదరాబాదు కంపెనీ కదా అని చదివాను. ఇంతకీ ఈ నార్కోలెప్సీ ఏంటని వెతికితే, లక్షణాల్లో ఒకటి: నవ్వినప్పుడు కండరాల పట్టు తప్పడం. దానికి కేటాప్లెక్సీ అని పేరు కూడా ఉంది! 1880లో ఈ జబ్బుకి పేరు పెట్టిన ఫ్రాన్సు వైద్యుడు జెలినో దగ్గరికొచ్చిన రోగి ఒక పీపాల వ్యాపారి. గట్టిగా నవ్వినా, మంచి బేరం తగిలేలా ఉన్నా, ఆయన కాళ్ళు మడతపడిపోయేవట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

విషయం ఇదీ. మెదడులో హైపోథాలమస్ అనే చోట ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు సుమారు 70 వేలు ఉంటాయి. మనల్ని మెలకువలో నిలబెట్టేది అదే. దాన్ని 1998లో కనుక్కున్నారు. 1999లో మిన్యో బృందం కుక్కల్లో, యానాగిసావా బృందం ఎలుకల్లో, దానికీ నార్కోలెప్సీకీ ఉన్న సంబంధం పట్టుకున్నారు. 2000లో, ఈ జబ్బున్న మనుషుల మెదళ్ళలో ఆ కణాలు దాదాపు మాయమైపోయాయని తేలింది. కలలొచ్చే నిద్రలో మన కండరాలు పనిచెయ్యకుండా మెదడు ఆపేస్తుంది. ఒరెక్సిన్ లేకపోతే ఆ ఆపడం మెలకువలోకి కూడా చొరబడుతుంది. అన్న మోకాళ్ళు సడలడం అదే. మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లుంటే, అందులో ఓ 70 వేలు పోయినందుకు మనం ఒక మనిషికి సోమరి అని పేరు పెట్టేశాం.

మరి సమెలిసాంట్ చేసేదేంటి? జలుబుకి ఎవిల్ మాత్ర వేసుకుంటే నిద్రొస్తుంది కదా. మెదడుని మేల్కొలిపే హిస్టమిన్‌ని అది అడ్డుకుంటుంది గనక. ఈ మందు దానికి సరిగ్గా ఉల్టా. హిస్టమిన్ విడుదలకి హెచ్3 అనే బ్రేకుంది, ఇది ఆ బ్రేకు మీద నుంచి కాలు తీయిస్తుంది. పోయిన కణాల్ని మాత్రం తిరిగి తేలేదు. ఒరెక్సిన్ చెయ్యాల్సిన పనిని నేరుగా చేసే ఒవెపోరెక్స్‌టన్ అనే మందు మీద, జపాన్ కంపెనీ టకెడా 2025లో మంచి ఫలితాలు ప్రకటించింది.

అన్నని హైదరాబాదు తీసుకొచ్చాను. రాత్రంతా తలకి వైర్లు పెట్టి పరీక్ష. మర్నాడు రెండు గంటలకోసారి చొప్పున ఐదుసార్లు పడుకోమన్నారు. సగటున ఎనిమిది నిమిషాల్లోపు నిద్రపోతే అనుమానించాలి, దాంతోపాటు కనీసం రెండుసార్లు కలల నిద్రలోకి జారిపోతే నార్కోలెప్సీ. అన్న రెండు నిమిషాల్లోనే పడిపోయాడు, నాలుగుసార్లు కలల నిద్రే. డాక్టరు అంతా వివరించాక అన్న అడిగింది ఒకటే: "అంటే నాది బద్ధకం కాదా సార్?"

కాదని తెలియడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

ఇప్పుడు పొద్దున మొడాఫినిల్ వేసుకుంటాడు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకుంటాడు. మగ్గం పక్కన చాప పరిచేది పెద్దనాయినే. జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ ఇంట్లో అరుపులు పోయాయి.

మీ టీంలోనూ మీటింగుల్లో నిద్రపోయేవాడు ఒకడుంటాడు. చాలామందిది నా బాపతే: నిద్ర చాలక, లేదా గురకతో రాత్రి నిద్ర చెడిపోయి. కానీ రాత్రి కడుపునిండా నిద్రపోయి కూడా పగలు ఆగలేకపోతే, ఎప్‌వర్త్ స్కేలని ఎనిమిది ప్రశ్నలుంటాయి, నింపి చూడమనండి. 24కి పది దాటితే డాక్టర్ని కలవమనండి. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టేముందు ఒక్కసారి ఆలోచించండి. నేను జోకులు చెప్పినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు ఏదో మాటల్లో అన్న పకపకా నవ్వేశాడు. మోకాళ్ళు కొంచెం వంగాయి. నా భుజం పట్టుకుని నిలబడ్డాడు, నవ్వు మాత్రం ఆపలేదు.