తోడుగా వెళ్ళిన మూడు రోజులు

కిందటి శీతకాలంలో మా చిన్నమ్మాయి కళాశాల నుండి ఒక అంగీకారపత్రం తెచ్చి మా ముందుంచింది. తల్లిదండ్రులు సంతకం చేయవలసిన కాగితమది. మేమిద్దరమూ చదివి, ఏమీ అనకుండా అలమరలో పెట్టాము. వారం రోజులు అది అక్కడే ఉంది. అమ్మాయి కూడా అడగలేదు. మా ఇంట్లో ఇలాంటి కాగితానికి ఇదివరకు ఏమి జరిగిందో ఆమెకు తెలుసు.

ఆమె బి.ఏ.లో చరిత్ర చదువుతోంది. అధ్యాపకుల వెంట మూడు రోజులు బీదర్, కలబురగి పట్టణాలలో బహమనీ కాలపు కట్టడాలను పరిశీలించి, తిరిగి వచ్చాక నివేదిక సమర్పించాలి. ఇది విహారయాత్ర కాదు. దీనికి క్రెడిట్లున్నాయి, మార్కులున్నాయి. విద్యార్థులను చారిత్రక స్థలాలకు పంపి, అక్కడే అధ్యయనం చేయించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా చెబుతోంది. రాలేనివారు బదులుగా ఒక వ్యాసం వ్రాసి ఇవ్వవచ్చునని కాగితం చివర ఉంది. మా కళ్ళు మొదట ఆ చివరి వాక్యం మీదనే నిలిచాయి.

ఏడేళ్ళ క్రితం మా పెద్దమ్మాయి బి.ఎస్సీ.లో వృక్షశాస్త్రం చదివేది. అధ్యాపకులు విద్యార్థులను నల్లమల అడవులకు తీసుకువెళ్ళి, మొక్కలను సేకరించి, ఆరబెట్టి, హెర్బేరియం తయారుచేయించేవారు. మహ్రమ్ తోడు లేకుండా స్త్రీ దూరప్రయాణం చేయరాదన్న దైవప్రవక్త (సల్లం) ఆదేశాన్ని గుర్తుచేసి మేము నిరాకరించాము. ఆమె ఎదురు చెప్పలేదు. స్నేహితురాలు తెచ్చి ఇచ్చిన ఆకులను రికార్డులో అతికించి, తాను చూడని చోట్ల పేర్లు వాటి క్రింద వ్రాసింది. మంచి మార్కులే వచ్చాయి. ఆ పేర్లు వ్రాసేటప్పుడు ఆమెకు ఏమనిపించిందో మేము అడగలేదు.

ఈసారి మా మస్జిద్ ఇమామ్ సాహెబ్‌ను సంప్రదించాము. ఆయన అంతా విని, "ఆ హదీసు మీ అమ్మాయిని చదువుకు వెళ్ళవద్దని చెప్పడం లేదు. తోడు వెళ్ళమని మీకు చెబుతోంది. మీలో ఎవరూ వెళ్ళలేరా?" అని అడిగారు. మేము తలలు వంచుకున్నాము. పెద్దమ్మాయి విషయంలో ఆ ప్రశ్న మాకు తట్టనేలేదు. ఆదేశంలో ఆమె పాటించవలసిన భాగాన్ని ఆమెకు చెప్పాము. మేము పాటించవలసిన భాగాన్ని మరచిపోయాము.

జ్ఞానం కోసం ప్రయాణించడం మన సంప్రదాయానికి కొత్తది కాదు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఒకే ఒక్క హదీసు కోసం ఒంటెను కొని, నెల రోజులు ప్రయాణించి, సిరియాలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉనైస్ (రజి) నోట దానిని విన్నారు. ప్రవక్త మూసా (అలైహిస్సలాం) హజ్రత్ ఖిజ్ర్ వెంట జ్ఞానార్జనకు నడిచిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాలో ఉంది. ఆ గురువు ఒకచోట కూర్చుని పాఠం చెప్పలేదు. పడవలో ఒక పాఠం, దారిలో ఒక పాఠం, కూలనున్న గోడ వద్ద ఒక పాఠం. ప్రతి శుక్రవారం ఆ సూరాను పఠించే మేము ఇంతకాలం ఈ సంగతి గమనించలేదు.

చరిత్ర అధ్యాపకురాలికి ఫోన్ చేసి, మా ఖర్చులు మేమే భరించి వెంట రావచ్చునా అని అడిగాము. ఆమె సంతోషంగా ఒప్పుకున్నారు. బస్సులో వెనుక సీట్లలో కూర్చున్నాము. తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వచ్చినందుకు అమ్మాయి సిగ్గుపడి, మొదటిరోజు మధ్యాహ్నం వరకు మా వైపే చూడలేదు.

బీదర్‌లో మహమూద్ గవాన్ మదర్సా వద్ద ఆ సిగ్గు తీరింది. ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుండి వచ్చి, బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన గవాన్ 1472లో దీనిని నిర్మించాడు. మూడంతస్తుల భవనం. మస్జిద్, గ్రంథాలయం, ఉపన్యాస మందిరాలు, ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ నివాసపు గదులు అన్నీ అందులోనే ఉండేవి. 1481లో ఒక కల్పిత లేఖను నమ్మి సుల్తాన్ ఆయనకు మరణశిక్ష విధించాడు. 1696 నాటి పేలుడులో భవనం చాలా భాగం కూలింది. ముఖభాగపు రెండు మినార్లలో ఒకటే మిగిలింది.

ఇవన్నీ అధ్యాపకురాలు ముందుగా చెప్పలేదు. ఏ గది దేనికి ఉపయోగపడి ఉంటుందో మీరే చూసి చెప్పండని విద్యార్థులను లోపలికి పంపారు. గోడమీద మిగిలిన రంగు పలకల అక్షరాల వద్ద తరగతి అంతా ఆగింది. ఒక హిందూ సహాధ్యాయిని మా అమ్మాయిని పిలిచి, "ఇది నువ్వు చదవగలవా?" అని అడిగింది. చిన్ననాడు ఇంట్లో అమ్మీ వద్ద నేర్చిన అక్షరాలవి. ఆమె కూడబలుక్కుని కొన్ని పదాలు చదివి వినిపించింది. అందరూ నోటు పుస్తకాలలో వ్రాసుకున్నారు. దూరంగా రాతిమెట్టు మీద కూర్చున్న మేమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము. ఇంట్లో వ్యాసం వ్రాయించి ఉంటే ఇది జరిగేది కాదు.

మరునాడు కలబురగి కోటలో 1367 నాటి జామా మస్జిద్ చూశాము. ఆ మస్జిద్‌కు మధ్యన ఖాళీ ప్రాంగణం లేదు. మొత్తం గుమ్మటాలతో కప్పబడి ఉంది. మరి లోపలికి వెలుగు ఎలా వస్తోందని అధ్యాపకురాలు అడిగారు. ప్రక్క కమానుల గుండా వస్తోందని పిల్లలు చుట్టూ తిరిగి కనిపెట్టారు. ఇన్నేళ్ళుగా మస్జిద్‌లకు వెళ్తున్నా, వెలుగు ఎటునుండి వస్తోందని మేమెన్నడూ చూడలేదు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మాయి చెల్లెలి నివేదిక ఆసాంతం చదివింది. మేము ఆనాటి మా పొరపాటును ఒప్పుకున్నాము. ఆమె కాసేపు మౌనంగా ఉండి, "పోనీలే అబ్బా. నా రికార్డులో వ్రాసిన ఆ చోట్లు ఒక్కసారి చూడాలని ఉంది, అంతే" అన్నది. వర్షాలు తగ్గగానే అల్లుడిని, పిల్లలను కూడా వెంటబెట్టుకుని నల్లమల వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఇన్ షా అల్లాహ్.

మీ ఇంటికీ ఇటువంటి కాగితం రావచ్చు. పంపాలా, వద్దా అని ఆలోచించే ముందు, మనలో ఎవరు తోడు వెళ్ళగలరని ఒకరినొకరు అడగండి. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానికోసం నడిచే ఓపికను మనకూ ప్రసాదించుగాక. ఆమీన్.